నదికి ఇవతలి పంది

ద్వాన్ తాత చెప్పే పంది కథ వినని మనిషి ఆ ఊళ్ళో ఉన్నాడంటే వాడు నిన్ననో మొన్ననో పుట్టి ఉండాలి. పెళ్ళిలో చెప్పేవాడు, దినంలో చెప్పేవాడు, కోతల్లో గట్టు మీద కూచుని వెదురు గొట్టంలో పొగాకు పీలుస్తూ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఆ పంది కాస్త లావెక్కేది.

కథ ఇదీ. యుద్ధం రోజుల్లో, దేశాన్ని రెండుగా చీల్చిన బెన్ హై నదికి ఇవతలి గట్టున, సైన్యం వంటపాక వెనకాల, ద్వానూ అతని జతగాడు ఖియెమూ కలిసి ఒక పందిని మేపారట. మేపడమంటే అలాంటి ఇలాంటి మేపడం కాదు. అరటి బోదెలు తరిగీ తరిగీ ఖియెమ్ అరచేతి గీతలు అరిగిపోయాయట. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు వాటిని చూసి, "నాయనా, నువ్వింకా పుట్టలేదు" అన్నాడట. పంది పక్కకి తిరిగి పడుకుంటే దాని నీడలో ఒక దళం దళమంతా మధ్యాహ్నం కునుకు తీసేదట. ఓ రోజు శత్రువుల విమానం పైనుంచి చూసి, నిన్న లేని కొండ ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందని పటం తిప్పి తిప్పి చూసుకుని, దారి తప్పామనుకుని సముద్రం మీదికి పోయిందట. అప్పుడు పై అధికారి వచ్చి పందికి వందనం చేసి, "ఈ ఇద్దర్నీ నది దాటించకండి. వీళ్ళు పోతే దీన్ని మేపే దిక్కు లేదు" అని ఆజ్ఞ వేశాడట. అందుకని ద్వానూ ఖియెమూ యుద్ధమంతా నదికి ఇవతలే ఉండిపోయారట. తూటా మోత వినలేదు, అడవి మొహం చూడలేదు.

"ఆఖరికి ఆ పందిని ఏం చేశారన్నా?" అని బిన్ అడిగేవాడు. బిన్‌ది పక్కిల్లే. కథ వందసార్లు విన్నా ఆ ప్రశ్న అడగందే లేచేవాడు కాదు.

"ఏం చేస్తాం? పింఛను ఇచ్చి ఇంటికి పంపాం."

జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఖియెమ్ బతికున్నన్నాళ్ళు అతనూ నవ్వేవాడు, అందరికంటే ముందు, కథ ఇంకా పూర్తికాకుండానే. ఖియెమ్ పోయాక కూడా ద్వాన్ కథ మానలేదు. మానితే జనం ఎందుకు మానావని అడుగుతారు.

ఆ ఏడు నాట్లు అయిపోయిన రోజుల్లో, ఓ పొద్దున, ఖియెమ్ కూతురు థామ్ సైకిలు తోసుకుంటూ వచ్చింది. సైకిలు వెనక వెదురు కుర్చీ కట్టి ఉంది. అందులో నడుముకి మెత్తటి గుడ్డ కట్టి కూచోబెట్టిన థామ్ కూతురు మేయ్ ఉంది. మేయ్ ఈడు పిల్లలు బడికి పరుగెత్తుతున్నారు. ఈ పిల్లకి మెడే నిలవదు. కాళ్ళు పుల్లల్లా ముడుచుకుపోయి ఉంటాయి. మాట రాదు. నవ్వు మాత్రం వస్తుంది. తాతకు మల్లేనే, ఎదుటివాడి మాట పూర్తికాకముందే.

"రావే తల్లీ, రా. పిల్లని నీడలో పెట్టు. ఏమే మేయ్, పంది కథ చెప్పనా?" అన్నాడు ద్వాన్.

మేయ్ అప్పుడే నవ్వేసింది.

థామ్ నవ్వలేదు. ద్వాన్ భార్య లువా కుంట దగ్గర తూటికూర కడుగుతోంది. అటువైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అంది: "పెదనాన్నా, జిల్లా నుంచి కబురొచ్చింది. యుద్ధంలో విమానాలు అడవుల మీద చల్లిన నారింజ విషం తగిలినవాళ్ళ మనవల దాకా సాయం ఇస్తారట. వైద్యం, కుర్చీ, నెలనెలా బత్తెం. నేను పొలానికి పోయేప్పుడు దీన్ని చూసుకోడానికి మనిషిని కూడా పెట్టుకోవచ్చట."

"మంచిదేగా."

"ముందు నాన్నకి తగిలిందని తేలాలి. నాన్న కాగితాలు లేవు. పక్కన ఉన్నవాళ్ళెవరైనా ఊరి సభలో నోటితో చెప్పాలట. జిల్లా ఆఫీసు అమ్మాయి వస్తుంది. ఊరు సరేనంటేనే పైకి పంపుతుంది."

ద్వాన్ పొగాకు గొట్టం అందుకున్నాడు. అందులో పొగాకు లేదు. ఉత్త గొట్టమే గుడగుడలాడించాడు.

"నాన్న పోయే ముందు నాకంతా చెప్పాడు పెదనాన్నా. మీరిద్దరూ నది దాటారని, విషం చల్లిన ఆ లూయ్ లోయ అడవిలో ఉన్నారని. నా మొగుడికీ చెప్పేశాను. ఆయన ఇసక పడవ మీద ఉన్నాడు, రాలేడు గాని, 'పోయినాళ్ళు పోయాయి, పిల్ల సంగతి చూడు' అన్నాడు." థామ్ కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు తుడుచుకుంది. "ఇంక దాచాల్సిన పని లేదు. పెళ్ళయిపోయింది, అత్త పోయింది. మీరొక్కమాట చెబితే చాలు."

థామ్‌కి పెళ్ళీడు వచ్చిన రోజుల్లో ఆ వైపు ఊళ్ళలో సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు పొలం ఎంతని అడిగేవాళ్ళు కాదు. పిల్ల తండ్రి ఏ అడవిలో పోరాడాడని అడిగేవాళ్ళు. పక్క ఊళ్ళలో మనుషుల్ని పెట్టి విచారించేవాళ్ళు. అడవి పేరు వింటే తాంబూలం మూటగట్టుకుని లేచి పోయేవాళ్ళు. విషం తాగింది తండ్రి, తిరస్కారం కూతురికి. థామ్‌కి సంబంధం కుదిరిన వారం ఖియెమ్ తన సైన్యం కాగితాలన్నీ అన్నం కుండ కింద పెట్టి తగలేశాడు. తరవాత కాలవ గట్టు మీద ద్వాన్‌ని పట్టుకున్నాడు.

"నాకు అబద్ధం చేతకాదు. చెవులు ఎర్రబడతాయి. నువ్వు చెప్పు."

"నేను చెబితే ఎవడు నమ్ముతాడ్రా?"

"నమ్మక్కర్లేదు. నవ్వితే చాలు. ఒకసారి నవ్విన సంగతిని మళ్ళీ ఎవడూ తవ్వడు."

అలా పుట్టింది పంది. యుద్ధమంతా ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకున్నారని ఊరందరికీ తెలుసు కాబట్టి, ఖియెమ్‌ని ఇవతలి గట్టున ఉంచాలంటే ద్వాన్ కూడా ఇవతలే ఉండాలి. ఉన్నాడు. సంబంధం నిలిచింది. పెళ్ళిలో పెళ్ళికొడుకు తండ్రి పంది కథ విని తాగిన సారా ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరయ్యాడు.

ఆ తరవాత మేయ్ పుట్టింది.

"నే చెప్పలేనే తల్లీ" అన్నాడు ద్వాన్. "నా మాట ఎవరు నమ్ముతారు? సభంతా నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

"ఇంకెవరైనా..."

"ఇంకెవరున్నారు?"

లువా కూర బుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. మామిడి చెట్టుకి కట్టిన గేదె తాడు దారికి అడ్డంగా పడి ఉంటే, దాటకుండా చెట్టు చుట్టూ తిరిగి వచ్చింది. ఆ ఇంట్లో ఎప్పుడూ అలాగే నడుస్తుంది. కడుపుతో ఉండగా గేదె తాడు దాటింది కాబట్టే బిడ్డలు నిలవలేదని అత్తగారు అనేది. దాటలేదని లువా ఎంత చెప్పినా వినలేదు. చివరికి దాటానేమో అని లువాకే అనుమానం పట్టుకుంది.

"ఏమిటి, పెదనాన్నా కూతుళ్ళ గుసగుసలు?"

"ఏం లేదు పెద్దమ్మా. సభలో నాన్న గురించి రెండు మాటలు సాక్ష్యం చెప్పమంటున్నా."

"దానికి ఇంత బతిమాలాలా?" లువా తడి చేతులు ద్వాన్ భుజానికి తుడిచింది. "అడక్కపోయినా రోజుకి వెయ్యి మాటలు చెప్పే మనిషి. పిల్ల కోసం రెండు చెప్పలేడూ? వస్తాడులే. నేనే చొక్కా ఉతికి పంపిస్తా. నేనూ వస్తా."

ద్వాన్ పొగాకు గొట్టం పక్కన పెట్టాడు. లువా ముఖంలోకి చూడలేక మేయ్ వైపు చూశాడు. మేయ్ నవ్వుతోంది.

థామ్‌కి తెలియంది ఒకటుంది.

ద్వాన్ అడవి నుంచి తిరిగొచ్చి, ఎక్కడున్నాడో ఇంట్లో చెప్పకుండానే లువాని చేసుకున్నాడు. లువాకి కడుపు వచ్చేది, పోయేది. కొన్ని నెలలు నిండకుండానే. నిండినవాటిని మంత్రసాని తల్లికి చూపించేది కాదు. చాప ముక్కలో చుట్టి ద్వాన్ చేతికిచ్చేది. అతనికీ విప్పి చూసే ధైర్యం ఉండేది కాదు. కాలవ గట్టున, చేను చివర గొయ్యి తీసేవాడు. మొక్కలకి నీళ్ళు పెట్టినట్టు ఆ చోటికి వెళ్ళి లువా ఏడ్చేది. ఇంట్లో ద్వాన్ తల్లి అతనితో అనేది: "ఎండు నేలలో విత్తనం వేస్తే ఏం మొలుస్తుంది? ఇంకో దాన్ని తెచ్చుకో." ద్వాన్ తెచ్చుకోలేదు. ఆ సంగతి ఊరంతా పాకింది. బావి దగ్గర ఆడవాళ్ళు లువాతో, "పెట్టి పుట్టావు. ఇంకొకడైతే ఎప్పుడో వెళ్ళగొట్టేవాడు" అనేవాళ్ళు. లువా తల వంచుకుని "నిజమే" అనేది. మొగుడికి పెద్ద చేప ముక్క వేసేది. ద్వాన్ తినేవాడు.

చాలా ఏళ్ళ తరవాత పాత సైనికుల సంఘంలో ఒక వైద్యుడు వచ్చి ఆ విషం గురించి చెప్పాడు. చెట్ల మీద చల్లిన మంచు మగవాళ్ళ ఒంట్లో ఎలా కూచుంటుందో, వాళ్ళ బిడ్డల్ని ఎలా పట్టుకుంటుందో చెప్పాడు. ద్వాన్ వెనక బల్ల మీద కూచుని అంతా విన్నాడు. ఆ రోజు దారంతా సైకిలు తొక్కకుండా తోసుకుంటూ ఇంటికొచ్చాడు. తల్లి అప్పటికింకా బతికే ఉంది. లువా ఆవిడ కాళ్ళకి అల్లం రసం రాస్తోంది. తల్లి ఏదో సణుగుతోంది, అదే పాట. ద్వాన్ గుమ్మంలో నిలబడ్డాడు. నోరు తెరిచాడు కూడా. "ఆకలేస్తోంది" అన్నాడు.

ఆ తరవాత ఖియెమ్ వచ్చి పంది కథ అడిగాడు. స్నేహితుడికి మాటిచ్చాను కాబట్టి ఇంట్లో కూడా చెప్పకూడదని ద్వాన్ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఆ మాట వెనకాల దాక్కోవడం ఎంత హాయిగా ఉందో అతనికే తెలుసు.

సభ రోజున సమావేశపు గది నిండిపోయింది. ఉచితంగా టీ ఇస్తారంటే నిండేదే, ద్వాన్ మాట్లాడతాడంటే కిటికీలకి కూడా మనుషులు వేలాడారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక తమలపాకులు నముల్తూ. జిల్లా ఆఫీసు అమ్మాయి బల్ల వెనక కూచుంది. చెమట్లు కక్కుతోంది. ఊరిపెద్ద లిక్ లేచి గొంతు సవరించుకుని ఖియెమ్ పేరు చదివాడు. "ఈయన ఆ లూయ్ లోయలో పనిచేసినట్టు సాక్షి ద్వాన్ బాబాయ్ చెబుతారు" అన్నాడు.

గది గొల్లుమంది.

"అదేంటి బాబూ లిక్" అన్నాడు బిన్ లేచి. "ఖియెమ్ అన్న నది దాటలేదుగా! పంది ఒప్పుకోలేదుగా!"

"ఆ లూయ్ నుంచి పందికి మేత తెచ్చాడేమో!" కిటికీలోంచి ఎవడో అరిచాడు.

జిల్లా అమ్మాయి అటూ ఇటూ చూసింది. "ఏ పంది?" అంది.

చెప్పడానికి అందరూ ఒక్కసారే ముందుకొచ్చారు. లిక్ బల్ల చరిచాడు. థామ్ ముందు వరసలో మేయ్‌ని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఆ నవ్వులకి మేయ్ కూడా నవ్వుతోంది, అందరికంటే గట్టిగా. థామ్ ఆ పిల్ల నోరు మూయలేక, తన తల వంచుకుంది.

ద్వాన్ లేచాడు. లువా ఉతికిన చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"పంది లేదు" అన్నాడు.

మళ్ళీ నవ్వులు.

"పంది లేదయ్యా. అది నేనల్లింది. మేమిద్దరం నది దాటాం. ఖియెమూ నేనూ."

"అబ్బో! ఇవాళ్టి కథ కొత్తది!" అన్నాడు బిన్ చప్పట్లు కొడుతూ. అందులో కక్ష ఏమీ లేదు. ముసలాడంటే అతనికి ప్రాణం.

నిజం చెబుతుంటే ద్వాన్‌కి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కథ చెప్పేటప్పుడు అవి వాటంతటవే ఆడేవి. ఇప్పుడు రెండు కర్రల్లా వేలాడుతున్నాయి. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"విమానాలు తక్కువ ఎత్తులో వచ్చాయి" అన్నాడు. "వరసగా. తోకల్లోంచి మంచు లాంటిది పడింది. మూత్రంలో తడిపిన గుడ్డ ముక్కుకి కట్టుకోమన్నారు, కట్టుకున్నాం. కొన్నాళ్ళకి ఆకులన్నీ రాలిపోయాయి. వానాకాలంలో. పచ్చటి అడవిలో పడుకున్నవాళ్ళం, లేచి చూస్తే పైన ఏమీ లేదు. కోతుల అరుపులు ఆగిపోయాయి."

కిటికీ దగ్గర ఇంకా ఎవడో నవ్వాడు. పక్కవాడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు.

"వాగులో చేపలు పొట్టలు పైకి పెట్టుకుని తేలాయి. ఎన్నో. మేం ఉప్పు గడ్డల మీద బతుకుతున్నాం అప్పుడు. ఖియెమ్ మొల లోతు నీళ్ళలో దిగి చొక్కాలో ఏరాడు. 'ఒరేయ్ ద్వాన్, దేవుడు వండి పంపాడ్రా' అన్నాడు. కాల్చుకుని తిన్నాం. మిగిలినవి ఎండబెట్టుకుని తిన్నాం. ఆ నీళ్ళే తాగాం." ఆగాడు. "పండగ చేసుకున్నాం. పాడాం కూడా."

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. బిన్ చేతులు చప్పట్లకి కలిసినవి కలిసినట్టే ఉండిపోయాయి.

"మరి ఇన్నాళ్ళు పంది అని ఎందుకు చెప్పారు తాతగారూ?" అంది జిల్లా అమ్మాయి.

"థామ్ పెళ్ళి కోసం."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక నిట్టూర్పు లాంటిది వచ్చింది. కూతుళ్ళున్న తల్లులు వాళ్ళు. వాళ్ళలో ఎవరింట్లో ఏ పంది ఉందో.

అమ్మాయి రాసుకుంటూ, తలెత్తకుండానే అడిగింది. ఆఫీసు ప్రశ్న, అందరినీ అడిగేదే. "అయితే మీకూ తగిలే ఉంటుంది. మీరెందుకు సాయం అడగలేదు? మీకు పిల్లలెంతమంది?"

ఈ ప్రశ్నకి ద్వాన్ దగ్గర ఏళ్ళ తరబడి అరిగిన జవాబు ఒకటి ఉంది. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, తెలియని వాళ్ళెవరు అడిగినా అదే చెప్పేవాడు. అతనేం అనుకోలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా ముసిల్దానికి నన్నొక్కణ్ణి పెంచేసరికే ఓపిక అయిపోయిందమ్మా."

గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. హమ్మయ్య అన్నట్టు నవ్వారు. బిన్ కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు.

వెనక వరసలో ఆడవాళ్ళ మధ్య లువా నవ్వలేదు. తమలపాకు నమలడం ఎప్పుడో ఆపేసింది. ఆమె మొగుణ్ణి చూడ్డం లేదు, కిటికీ అవతల ఎక్కడో చూస్తోంది. చేపలు, నీళ్ళు, చాప ముక్కలు, అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూసుకుంటోంది. ద్వాన్‌కి అది కనబడింది. అన్న మాట మళ్ళీ నోట్లోకి తోసుకోవాలన్నంత సిగ్గేసింది. మాట పోయింది. నవ్వు కూడా అయిపోయింది.

లువా లేచి నిలబడింది. నోట్లో తమలపాకు బయటికి తీసి, గుప్పిట్లో పట్టుకుంది.

"అమ్మాయ్, రాసుకో" అంది.

"చెప్పండి అవ్వా."

"పిల్లలున్నారు. కాలవ గట్టున, మా చేను చివర. కావాలంటే వచ్చి చూసుకో, రేగుచెట్టు పక్కన. మొదటిదానికి నేను పేరు పెట్టుకున్నా. ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్ళకి పెట్టలేదు, పెడితే ఉండరేమోనని." ఊపిరి తీసుకుంది. "ఈ మనిషికి పంది సంగతి తెలిసినంత నా పిల్లల సంగతి తెలియదు. ఏనాడైనా నన్నడిగుంటే నేను చెప్పేదాన్ని."

"లువా" అన్నాడు ద్వాన్.

"నువ్వు కూచో. నీ వంతయింది." లువా గొంతు పెరగలేదు. "ఈ ఊళ్ళో ఆడవాళ్ళంతా నేను అదృష్టవంతురాలినన్నారు. వదిలెయ్యని మొగుడన్నారు. నేను పెద్ద ముక్క వేసి పెట్టాను, ఇంతకాలం. పెట్టించుకున్నాడు." అప్పుడు తలతిప్పి థామ్ ఒళ్ళో ఉన్న పిల్లని చూసింది. "సరే. అది నా ఇంటి గొడవ. నేనెందుకు లేచానంటే, ఖియెమ్ నది దాటాడు. ఈ మనిషి దాటితే అతనూ దాటాడు, అతన్ని వదిలి ఈ మనిషి మూత్రానికి కూడా పోయేవాడు కాదు. ఆ అడవికి నా ఇంటి నుంచి సాక్ష్యం ఉంది. చేతులెత్తమను లిక్."

లిక్ నోరు తెరవకముందే తన చెయ్యి ఎత్తింది. గుప్పిట్లో తమలపాకు అలాగే ఉంది.

ఒక్కో చెయ్యి లేచింది. కిటికీల్లోంచి కూడా లేచాయి. బిన్ రెండు చేతులూ ఎత్తి, తప్పని గుర్తొచ్చి ఒకటి దించుకున్నాడు. జిల్లా అమ్మాయి లెక్కపెట్టలేదు. "పంపిస్తాను" అంది. థామ్ లేచి వచ్చి ద్వాన్ ముందు కాక లువా ముందు వంగింది. లువా ఆమె తల మీద ఎడం చెయ్యి పెట్టి, "పిల్లకి ఎండ తగులుతోంది, ఇంటికి తీసుకుపో" అని బయటికి నడిచింది.

ద్వాన్ వెనకాలే బయల్దేరాడు. బిన్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. జేబులోంచి పొగాకు పొట్లం తీసి అతని చేతిలో పెట్టాడు.

ఇంటికి చేరేసరికి లువా వంటింట్లో లేదు. నడింట్లో, పోయిన పెద్దల పటాలున్న పీఠం ముందు నిలబడి పొడి గుడ్డతో ద్వాన్ తల్లి పటం తుడుస్తోంది. పళ్ళెంలో తాజా తమలపాకులు, వక్కలు పెట్టి ఉన్నాయి. చిన్న గిన్నెలో సారా పోసి ఉంది.

"ఇవాళ ఏ దినమూ కాదుగా" అన్నాడు.

"కాదు. మీ అమ్మతో పనుంది." అగరువత్తులు అతని చేతికిచ్చింది. "వెలిగించు. చెప్పు."

"ఏం చెప్పను?"

"ఊరందరికీ చెప్పావు. ఆవిడకి చెప్పలేదు. నాది ఎండు నేలని అనుకుంటూనే పోయింది. అక్కడ మీ నాన్నకీ, మీ తాతకీ కూడా అదే చెప్పుంటుంది, ఊరుకునే మనిషా? నేనూ పోయే రోజు దగ్గరకొచ్చింది. వాళ్ళందరి మధ్యకి పోయి కూచోవాలి నేను. ఏ మొహంతో కూచోమంటావు?"

ద్వాన్ అగ్గిపుల్ల గీశాడు, ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. లువా సాయం చెయ్యలేదు. వత్తులు అంటుకున్నాక తల దగ్గరికి ఎత్తి పట్టుకున్నాడు. పటంలో తల్లి నోరు బిగించుకుని చూస్తోంది, ఫోటో తీసే రోజు ఎవరి మీదో కోపం వచ్చినట్టు.

"అమ్మా, ఆ రోజుల్లో ఏమైందంటే, మేమిద్దరం..."

"కథ వద్దు" అంది లువా.

అతను ఆగాడు. కథ లేకుండా మొదలెట్టడానికి చాలాసేపు పట్టింది. పొగ కళ్ళలోకి పోతోంది.

"అమ్మా. లువాలో లోపం లేదు. లోపం నాలో ఉంది. నేను తెచ్చాను."

"గట్టిగా చెప్పు. చివరి రోజుల్లో ఆవిడకి చెముడు."

"లువాలో లోపం లేదమ్మా!" అని అరిచాడు ద్వాన్. గోడ అవతల బిన్ ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "నాకు ఎప్పుడో తెలుసు! నువ్వు బతికుండగానే తెలుసు! చెప్పలేదు! నువ్వు దాన్ని అంటుంటే విన్నాను!"

అతను వత్తులు ఒక చేతిలోకి మార్చుకున్నాడు. పీఠం అంచు పట్టుకున్నాడు. సారా గిన్నె వణికింది కాని ఒలకలేదు. ఇంత చెప్పాక లువా ఏదైనా అంటుందని, కనీసం ఏడుస్తుందని చూశాడు. లువా కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. అత్తగారు జవాబు చెప్పడానికి కాస్త వ్యవధి ఇస్తున్నట్టుంది.

"ఇప్పుడు మీ నాన్నకి" అంది కళ్ళు తెరిచి.

తండ్రికీ చెప్పాడు. ఈసారి గొంతు బొంగురుపోయింది. వత్తులు సగం దాకా కాలాయి. బూడిద అతని మణికట్టు మీద పడింది, దులుపుకోలేదు.

"లువా, నువ్వు నన్ను..."

"నన్నేమీ అడక్కు ఇప్పుడే." ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కుండ మూత తీసిన చప్పుడైంది. గిన్నెలో అన్నం పెట్టింది, కూర పెట్టింది, చేపలో తోక ముక్క వేసింది. గుమ్మం దగ్గర పెట్టి పిలిచింది.

"వచ్చి తిను. మీ తాత ఇంకా మిగిలున్నాడు."